తన్మయకి పురుగు పట్టింది

పెళ్ళయిన మూడోనాడు పొద్దున్నే పెరట్లోంచి ఎవరిదో గొంతు వినిపించింది.

"భార్గవికి నెత్తి మీద ఏం మిగల్లేదు సారూ. ఓమనకేం, బండరాయిలా ఉంది, ఎన్ని దించినా మళ్ళీ వేస్తుంది. రెండో తంకమణి మాత్రం ఎప్పట్లాగే ఏడుపు మొహమే."

నేను వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. ఓమన అంటే మా అత్తగారు. నా పక్కనే కూర్చుని కొబ్బరి తురుముతోంది. భార్గవి మా వారి నాయనమ్మ, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తంకమణి అంటే కంచె అవతలి ఇంట్లో ఉండే మా చిన్నత్తగారు. ముందు రోజే నాకు తల దువ్వి పూలు పెట్టింది. ఆవిడలో మొదటిదీ రెండోదీ ఉన్నాయని నాకెవరూ చెప్పలేదు.

"అమ్మా, ఆయనెవరో మిమ్మల్ని బండరాయి అంటున్నాడు," అన్నాను మెల్లగా.

"నన్ను కాదు, నా చెట్టుని," అంది మా అత్తగారు తురుము ఆపకుండా. "కాయలు దించే మనిషి. ఇవాళ నువ్వూ నాటుతావుగా, రేపు నీ గురించి కూడా అంటాడులే."

చేర్తలలో ఈ ఇంటికి ఏ కోడలొచ్చినా మొదటి వానలకి ముందు తన చేత్తో ఒక కొబ్బరి మొక్క నాటాలి. ఇక ఆ చెట్టుది ఆ కోడలి పేరే. అలా పెరటి నిండా మా ఇంటి కోడళ్ళు నిలబడి ఉన్నారు, పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ కలిసి గాలికి ఊగుతూ. భోజనాల దగ్గర "ఇవాళ పచ్చడికి ఎవరు?" అంటే "భార్గవి" అని జవాబు. త్రిశూరులో మూడో అంతస్తు ఇంట్లో పెరిగిన దాన్ని నేను. నాకు ఇదంతా ఎంత నచ్చేసిందంటే, ఆ రోజు గడ్డపార కూడా నేనే పడతానని గొడవ చేశాను.

నాటేటప్పుడు ఇంకో ఆనవాయితీ ఉంది. ఇంట్లోవాళ్ళూ చుట్టాలూ ఒక్కొక్కరే తట్టెడు ఎరువు తెచ్చి మొక్క మొదట్లో పోస్తారు. కొత్త కోడలి మీద ఎంత ప్రేముంటే అంత పెద్ద తట్ట. మా మామగారు దివాకరన్ తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ప్రాణమంతా పశువుల కొట్టం వెనక ఉన్న ఎరువు గుంట మీదే. ఇంటికొచ్చిన వాళ్ళకి టీ ఇచ్చే ముందు ఆ గుంట చూపిస్తారు. సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు మా నాన్నకీ ముందు అదే చూపించారట. మా నాన్న ఇంటికొచ్చి, "మనుషులు మంచివాళ్ళు. పేడ ఇంకా మంచిది," అన్నాడు.

ఆ గుంటలోంచి మామగారు నా మొక్కకి తట్ట మీద తట్ట మోశారు. "ఇంటికి ఒక్కతే కోడలు, తక్కువ చేస్తే ఎలా మోళే?" అన్నారు చెమట తుడుచుకుంటూ. మోళే అంటే బిడ్డా అని. మా వారు నిధీష్ పోటీకి దిగి, తండ్రి కంటే ఒక తట్ట ఎక్కువ పోశాడు. నాటిన గొయ్యి నిండి మొక్క చుట్టూ నా మోకాలెత్తు గట్టు లేచింది. తంకమణి చిన్నత్త మాత్రం గుప్పెడు తెచ్చి పక్కగా వేసి, "నా చెయ్యి మంచిది కాదమ్మా, ఇంతే చాలు," అంది.

ఎందుకలా అందో ఆ సాయంత్రం నిధీష్ చెప్పాడు. ఆవిడ కోడలిగా వచ్చి నాటిన మొక్క ఓణం పండగ లోపే చచ్చిపోయింది. ఇంకొకటి నాటారు, అది బతికింది. కానీ దాని పేరు "రెండో తంకమణి" అయింది. ఇన్నేళ్ళయినా ఇంటిల్లిపాదీ అలాగే అంటారు. మొదటిది ఏమైందని ఎవరూ అడగరు. ఆవిడ చేతి మహిమ అని అందరికీ తెలిసినట్టే ఉంటారు.

"నాదీ పోతే నేను రెండో తన్మయనా?" అన్నాను.

"మా ఇంట్లో అంతే మరి."

"అయితే నాది పోదు," అన్నాను. అప్పుడు అది నాకు చాలా సులువైన పనిలా కనిపించింది.

ఇక రోజూ పొద్దున్న ఒకే గొడుగు కింద ఇద్దరం వెళ్ళి చెట్టుని చూసి రావడమే. నలుగురిలో ఉన్నప్పుడు నిధీష్‌ని "ఏట్టా, మీరు" అంటాను, ఇక్కడ మొగుణ్ణయినా బావగారినయినా అలాగే పిలవాలి. గొడుగు కిందకి రాగానే "నువ్వు" అయిపోతాడు. ఆ గొడుగు చిన్నది కావడం నాకు భలే ఇష్టం.

"చూడు, తన్మయ ఒక వేలెడు పెరిగింది," అనేదాన్ని.

"ఏ తన్మయ? నా పక్కదా? అది అడ్డంగా పెరుగుతోంది, మా అమ్మ చేసే అరటికాయ ఉప్పేరి చలవ."

గిల్లేదాన్ని. గొడుగు ఒరిగి ఇద్దరం తడిసేవాళ్ళం. సహకార బ్యాంకుకి తడి చొక్కాతో వెళ్ళేవాడు.

ఈ ఆనందంలో ఒక్కటే చికాకు, మా అత్తగారి కోళ్ళు. వాటికి పెరడంతా వదిలి నా మొక్క మొదలే కావాలి. గట్టెక్కి రెండు కాళ్ళతో బరబరా కెలికేవి. మామగారు ప్రేమతో పోసిన ఎరువంతా ఇసుకలో చిమ్మేవి. నేను చీపురు తీసుకుని తరిమేదాన్ని. చివరికి నిధీష్ చేత కొబ్బరాకులు అల్లించి చుట్టూ దడి కట్టించాను. కోళ్ళు బయట నిలబడి మెడలు చాచి నన్ను తిట్టుకునేవి.

వానలు బాగా పడ్డాక ఒక ఉదయం కొత్త ఆకు విప్పుకుంది. చూడగానే నాకు ముచ్చటేసింది. ఆకు కొసలన్నీ ఎవరో కత్తెర పట్టుకుని ఓపిగ్గా కత్తిరించినట్టు, విసనకర్రలా ఉన్నాయి.

"ఏట్టా, మన చెట్టు డిజైను వేసుకుంది!"

నిధీష్ మొహం చూసి నవ్వు ఆపేశాను. అతను పరిగెత్తి వాళ్ళమ్మని పిలుచుకొచ్చాడు. మా అత్తగారు చీర చెంగు దోపుకుని, కొస వంచిన ఇనుప ఊచ పట్టుకుని వచ్చింది. నడినెత్తిన లేత చిగురుండే మొవ్వు పక్కనున్న కన్నంలోంచి నమిలి ఉమ్మేసిన పీచు బయటికొచ్చి ఉంది. అందులోకి ఊచ దింపి, చెవిలో గుబిలి తీసినంత శ్రద్ధగా తిప్పి, లాగింది. ఊచ చివర నల్లగా నిగనిగలాడుతూ, నెత్తి మీద కొమ్ముతో ఒక పురుగు కాళ్ళాడిస్తోంది.

"కొమ్ము పురుగు," అంది. "లేత మొవ్వులో దూరి లోపలంతా కోసేస్తుంది. విప్పుకున్నాక గానీ మనకి తెలీదు."

ఆ పురుగు నా వైపు చూసి బుస్సుమంది. నిజంగానే. నేను నిధీష్ వెనక్కి వెళ్ళాను. నిధీష్ నా వెనక్కి వద్దామని చూశాడు.

మధ్యాహ్నానికి వార్త వీధంతా పాకింది. "తన్మయకి పురుగు పట్టిందట" అని ఎవరో ఎవరితోనో అంటే, అది తిరిగి తిరిగి త్రిశూరు చేరి, మా అమ్మ ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "పిప్పి పన్నా తల్లీ? డాక్టరుకి చూపించారా?" అంది.

ఆ సాయంత్రం మామగారు చెట్టు చుట్టూ తిరిగి చూశారు. నొప్పించకుండా చెప్పాలని ఆయన చాలా ప్రయత్నించారు.

"ఓణం దాకా చూద్దాం మోళే. ఆలోగా మంచి ఆకు ఒకటి వేసిందంటే సరే. లేకపోతే తీసేసి ఇంకోటి నాటుదాం. అందులో తప్పేం లేదు."

కంచె అవతల బట్టలు ఆరేస్తున్న తంకమణి చిన్నత్త చేతులు ఆగిపోవడం నేను చూశాను.

మరునాటి నుంచి యుద్ధమే. మట్ట మొదళ్ళలో కలరా ఉండలు పెట్టి పైన ఇసుక పోస్తే పురుగు దగ్గరికి రాదని నిధీష్ ఎక్కడో చదివాడు. దుకాణానికి వెళ్ళేదాకా ఆగలేక నా బీరువాలో పట్టుచీరల మధ్యనున్న ఉండలన్నీ ఏరి తెచ్చాను.

"చెట్టు దగ్గరికెళ్తే పెళ్ళి రోజు నీ పక్కన కూర్చున్నట్టే ఉంది," అన్నాడు నిధీష్ వాసన చూసి.

"ఆ రోజు నా దగ్గర ఇదే వాసనా?"

"నాకు నచ్చింది కాబట్టే తాళి కట్టాను."

అంతటితో ఊరుకోలేదు. ఆముదం పిండి నీళ్ళలో కలిపి కుండలో పులియబెడితే ఆ వాసనకి పురుగులు వచ్చి పడి చస్తాయట. చెట్టుకి కాపలాగా ఉండాలని కుండని సరిగ్గా దాని పక్కనే పాతాను. ఆ కంపు వర్ణించలేను. అది నా చీరలకి కూడా పట్టింది, బీరువాలో ఉండలు లేవు మరి. కానీ తెల్లారి చూస్తే కుండలో పురుగులే పురుగులు! ఎగిరి గంతేశాను. అత్తగారిని, మామగారిని, కంచె అవతలి చిన్నత్తని పిలిచి చూపించాను.

చిన్నత్త కుండలోకి చూసింది, చెట్టు వైపు చూసింది.

"ఊళ్ళో పురుగులన్నిట్నీ విందుకి పిలిచావు, బాగానే ఉంది. విస్తరి మాత్రం నీ చెట్టు పక్కనే వేశావేంటే పిల్లా?"

మొవ్వుకి కొత్త కన్నం పడి ఉంది. విందుకొచ్చిన వాటిలో కొన్ని దారిలో ఫలహారం చేసినట్టున్నాయి.

కుండని పెరటి చివరికి, కాలువ గట్టుకి మార్చాం. అక్కడ పడేవి పడుతూనే ఉన్నాయి. అయినా రెండు రోజులకొకసారి మా అత్తగారి ఊచకి నా చెట్టులో ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది. మొవ్వు వాడి, పక్కకి వాలింది. పండగ దగ్గర పడుతోంది.

"మొవ్వు పట్టుకుని ఒకసారి లాగి చూడు," అంది అత్తగారు. "ఊడి చేతికొస్తే లోపల కుళ్ళిపోయినట్టే. రాకపోతే ప్రాణం ఉన్నట్టు. తెలిసిపోతుంది కదా."

"నేను లాగను."

"పోనీ నేను లాగనా?"

"వద్దమ్మా!" అని చెట్టుకి అడ్డంగా నిలబడ్డాను. తెలియకుండా ఉన్నంతసేపూ అది బతికి ఉన్నట్టే కదా అనిపించింది. డిగ్రీ చదివిన బుర్ర, ఏం లాభం.

ఆ రాత్రి ఈదురుగాలి వీచింది. పొద్దున్న లేచేసరికి దడి ఒక పక్కకి పడిపోయి ఉంది. కోళ్ళన్నీ గట్టు మీదే. నేను చీపురు తీసుకుని ఉరికాను. అన్నీ పారిపోయాయి గానీ, మెడ మీద ఈకల్లేని పెట్ట ఒకటుంది, అది మాత్రం కదల్లేదు. రెండు కాళ్ళూ తన్నిపట్టి ఎరువులోంచి ఏదో లాగుతోంది. లాగి, లాగి, వెల్లకిలా పడబోయి నిలదొక్కుకుంది. దాని ముక్కున నా బొటనవేలంత లావున, తెల్లగా, ముడుచుకున్న పురుగు. తల మాత్రం ఎర్రగా ఉంది.

చీపురు కింద పడేశాను. చేత్తోనే కెలికాను. ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఇంకా లోపల మట్టి గూడులో గోధుమరంగుదొకటి ముడుచుకుని పడుకుని ఉంది. దాని నెత్తి మీద చిన్న కొమ్ము మొలుస్తోంది.

"ఏట్టా!" అని అరిచిన అరుపుకి నిధీష్ సగం గెడ్డంతో, సగం నురగతో వచ్చాడు.

ఇద్దరం గట్టు పక్కన కూర్చుండిపోయాం. పురుగులు ఊరి మీంచి ఎగిరి రావడం లేదు. చెట్టు కాళ్ళ దగ్గరే పుట్టి పెరుగుతున్నాయి. ఎరువుతో పాటే వచ్చాయి. తట్ట మీద తట్టగా, ఆశీర్వాదంగా మేమే పోశాం. పైగా కోళ్ళు తినకుండా నేను దడి కట్టి కాపాడాను.

"మరి ఈ ఎరువు..." అని నిధీష్ ఆగిపోయాడు. ఇద్దరం కొట్టం వెనక్కి చూశాం.

"నువ్వే చెప్పు. మీ నాన్నే కదా," అన్నాను.

"నీకిచ్చిన కానుక. నువ్వే చెప్పు."

చెప్పాల్సిన పని లేకపోయింది. అరుపుకి ఆయనే వచ్చారు, వెనకే అత్తగారు. కంచె తలుపు తోసుకుని తంకమణి చిన్నత్త కూడా. నా అరచేతిలో పురుగుని మామగారు చాలాసేపు చూశారు. మూడు నెలల కోడల్ని, ఆయన ప్రాణంగా చూసుకునే గుంటలో పురుగులున్నాయని ఏ నోటితో అనను?

"అచ్ఛా, వానకి ఎక్కణ్ణించో..." అని మా నాన్నని పిలిచినట్టే పిలిచి మొదలుపెట్టాను.

"వానకి పురుగులు కురవవు మోళే," అన్నారు ఆయన.

అప్పుడు చిన్నత్త ముందుకొచ్చింది. గట్టుని చూసింది. తన మోకాలి దగ్గర చెయ్యి పెట్టి కొలిచినట్టు చూసుకుంది.

"నాకూ ఇంతే ఎత్తు పోశారు," అంది నెమ్మదిగా. "గుర్తుందా దివాకరేట్టా? తమ్ముడి పెళ్ళాన్ని తక్కువ చేశారనకూడదని మీరే మోశారు. ఇంటి ముందు దాకా ఎరువు వాసన. అక్కయి ఉండి ఓమన చేచ్చి కూడా ఉడుక్కుంది, నాకింత పొయ్యలేదే అని."

"ఉడుక్కున్నాను," అంది మా అత్తగారు నిజాయితీగా. "నాకు పోసింది రెండు తట్టలే. అప్పటికింకా మన అత్తగారే గుంట చూసేది. ఆవిడ అంతకంటే తియ్యనిచ్చేది కాదు. కంచె పక్కన ఆ కంపు ఆకుల మొక్క లేదూ, అది కోసి ఏటా గుంటలో వేసి తొక్కించేది. పురుగు పుట్టదని."

"ఆ కంపు పడక నేను మానేశాను," అన్నారు మామగారు.

చిన్నత్త భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికెళ్ళాను. నవ్వుతోంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"ఇన్నేళ్ళూ నా చేతి దోషం అనుకున్నానే పిల్లా! ఎవరి పెళ్ళికీ పసుపు దంచలేదు, ఎవరి పాదుకీ విత్తు వెయ్యలేదు. తీరా చూస్తే మా బావగారి పేడ దోషం!"

మామగారు లోపలికెళ్ళి చొక్కా విప్పి, పార పట్టుకుని వచ్చి, నేరుగా ఎరువు గుంటలోకి దిగారు. మొదటి పార ఎరువు ఎత్తి పైకి పోశారు. అందులోనూ తెల్లగా అయిదారు. ఆయన తలెత్తి మా అత్తగారితో ఒకే ఒక్క మాట అన్నారు.

"కోళ్ళని పిలు."

ఆ రోజు మా కోళ్ళకి ముందే ఓణం వచ్చింది. మెడ ఈకల్లేని పెట్టకి నేను నా చేత్తో తినిపించాను, అంతకుముందు చీపురు దెబ్బలు తిన్న పుణ్యానికి. నిధీష్ బ్యాంకుకి సెలవు పెట్టాడు. చిన్నత్త కంచె పక్కన ఆ కంపు మొక్కలన్నీ కోసి మోపులు కట్టి గుంటలో విసిరింది, విసిరినప్పుడల్లా "ఇదిగో బావగారూ, మీ ముక్కుకి!" అంటూ. మామగారు దగ్గుతూ తొక్కారు. నా చెట్టు మొదట్లో గట్టంతా తీసేసి, ఎండలో పరిచి, జల్లెడ పట్టి, శుభ్రమైనది రెండంటే రెండు గుప్పెళ్ళు తిరిగి వేశాం. మట్టల మొదళ్ళలో వేపపిండి కలిపిన ఇసుక కూరాం. ఆ ఇసుక కూరింది చిన్నత్తే. నేనే అడిగాను.

"నా చేత్తోనా?" అంది.

"మీ చేత్తోనే కుంజమ్మా," అన్నాను, పిన్నిని పిలిచినట్టు.

ఆ తర్వాత అత్తగారి ఊచకి ఏమీ దొరకలేదు. అయినా వాలిన మొవ్వు వాలినట్టే ఉంది. పండగకి వారం ఉందనగా మామగారు చెట్టు దగ్గర నిలబడి, "ఇక చూడాలి మోళే," అన్నారు. లాగి చూడమనడం. అందరూ వచ్చారు. నిధీష్ కళ్ళు మూసుకున్నాడు, పిరికివాడు. నేను మొవ్వుని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. మెత్తగా లాగాను. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. నా చెయ్యి పట్టుకుని ఎవరో వెనక్కి లాగినట్టు, లోపల్నించి గట్టిగా బిగబట్టింది.

"రావట్లేదు!" అని అరిచాను.

"అయితే ఇంక లాగకే!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

ఆ వాలిన మొవ్వు పక్కనుంచే సన్నగా, సూదిలా ఇంకోటి పైకొచ్చింది. పండగ ముందు రోజుకి అది విప్పుకుంది. పూర్తిగా కాదు, కొస దగ్గర పాత కోత ఒకటి చిన్నగా మిగిలింది. తక్కినదంతా ఈనె నుంచి చివరి దాకా నున్నగా, లేతగా, వానకి కడిగినట్టుంది. నేనూ నిధీష్ దాని మొదట్లో పూల ముగ్గు వేశాం. తుమ్మి పూలు సగం కోళ్ళు తినేశాయి. తిననిచ్చాను.

ఆ సాయంత్రం పండగ వంటలకి కాయలు దించే మనిషి వచ్చాడు. మామగారు వరండాలో నిలబడి ఎప్పట్లాగే చెట్ల పేర్లు పిలిచారు.

"భార్గవి నుంచి ఆరు దించు. ఓమన నుంచి పది. తంకమణి నుంచి పది."

"రెండో తంకమణేగా సారూ?" అన్నాడతను నడుముకి తాడు చుట్టుకుంటూ.

"ఒకటేంటి, రెండేంటి? మా ఇంట్లో ఉన్నది ఒకే తంకమణి. ఎక్కు."

కంచె అవతల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి చిన్నత్త గొంతు వినిపించింది.

"పది కాదు దివాకరేట్టా, పన్నెండు దించమనండి. దానికేం తక్కువ!"

అతను చెట్టెక్కడానికి వెళ్తూ నా చెట్టు దగ్గర ఆగాడు. వంగి, కొత్త ఆకుని వేలితో ఎత్తి చూశాడు.

"ఈ తన్మయకి చెవి కొంచెం తెగింది గానీ సారూ, మొండి ఘటం. దీన్నెవరూ కదపలేరు."

నేను గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. మా అత్తగారు పక్కనే కూర్చుని కొబ్బరి తురుముతోంది.

"చెప్పాగా," అంది తురుము ఆపకుండా, "నీ గురించి కూడా అంటాడని."